సాంకేతిక సందేహాలు: మన ఫోన్‌లో నడిచిన యాప్ పక్కవారి ఫోన్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చాయి. దుకాణం పద్దుల కోసమో, ఊరి అవసరాల కోసమో సొంతంగా మొబైల్ యాప్‌లు తయారు చేసుకుంటున్న తెలుగువారు ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఇందరున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. ఎవరి ఇబ్బంది వారిదే అయినా, చాలా ఉత్తరాల్లోని చిక్కుకు మూలం ఒక్కటే. తయారీ దశలో కేబుల్ తగిలించి నడిపి చూసుకున్న యాప్, ప్లే స్టోర్ నుంచి జనం ఫోన్లలోకి దిగే యాప్ ఒకటి కావు. ఆ తేడా ఎక్కడెక్కడ బయటపడుతుందో జవాబుల్లో చూడండి.

ప్రశ్న: మా నాన్నగారికి కిరాణా దుకాణం ఉంది. అరువు పద్దుల కోసం ఫ్లట్టర్ అనే యాప్ తయారీ సాధనంతో ఒక యాప్ రాశాను. ల్యాప్‌టాప్‌కు నా ఫోన్ తగిలించి నడిపినప్పుడు ఖాతాలన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. జనానికి ఇచ్చే రిలీజ్ ఏపీకే (యాప్‌ను ఫోన్‌లో ఎక్కించే ఫైల్) తయారు చేసి వాట్సాప్‌లో నాన్నగారికి పంపితే మాత్రం, యాప్ తెరుచుకుంటుంది గాని చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఒక్క పేరు కూడా రాదు. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి రెండు కారణాలకు అవకాశం ఉంది. వాటిలో మీది ఏదో తేల్చుకోవడానికి కోడ్‌ను ముట్టుకోనక్కర్లేదు. ముందుగా మీ ఫోన్‌లో ఉన్న డీబగ్ యాప్‌నే, అంటే కేబుల్ తగిలించి నడిపినదాన్నే తెరిచి, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద నడిపి చూడండి. అప్పుడు ఖాతాలు రావడం మానేస్తే, ఖాతాల సమాచారం అందించే సర్వర్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తోందని, యాప్‌లో రాసిన చిరునామా బహుశా 192.168తో మొదలవుతోందని అర్థం. ఆ చిరునామా మీ ఇంటి వైఫై పరిధి దాటితే ఎవరికీ అందదు. దుకాణంలో కూర్చున్న నాన్నగారి ఫోన్ దానికోసం ఎంతసేపు వెతికినా ఫలితం ఉండదు. సర్వర్‌ను ఇంటర్నెట్‌లో ఎక్కడైనా హోస్ట్ చేసి, హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఇవ్వడమే దానికి మార్గం.

మొబైల్ డేటా మీద కూడా డీబగ్ యాప్ బాగానే నడిస్తే, రెండో కారణం వైపు చూడాలి. ఫ్లట్టర్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు యాప్‌కు ఏ అనుమతులు కావాలో చెప్పే ఆండ్రాయిడ్ మ్యానిఫెస్ట్ ఫైళ్లు మూడు తయారవుతాయి: మెయిన్ ఫోల్డర్‌లో ఒకటి, డీబగ్‌లో ఒకటి, ప్రొఫైల్‌లో ఒకటి. హాట్ రీలోడ్ (కోడ్ మార్పు వెంటనే ఫోన్‌లో కనిపించడం) వంటి పనులకు ఫోన్ ల్యాప్‌టాప్‌తో మాట్లాడాలి కనుక, డీబగ్, ప్రొఫైల్ ఫైళ్లలో ఇంటర్నెట్ అనుమతి కోరే వరుసను ఫ్లట్టరే రాసిపెడుతుంది. మెయిన్ ఫైల్‌లో మాత్రం దాన్ని మనమే చేర్చుకోవాలి. డీబగ్ ఫైల్‌తో రిలీజ్ యాప్‌కు సంబంధం ఉండదు కాబట్టి, మెయిన్ ఫైల్‌లో ఆ వరుస లేకపోతే యాప్‌కు ఇంటర్నెట్ వాడుకునే హక్కే ఉండదు. ఇది నిర్ధారించుకోవాలంటే ఫ్లట్టర్ రన్ ఆదేశానికి రిలీజ్ ఎంపిక జోడించి మీ ఫోన్‌లోనే నడిపి, ఫోన్‌లో జరిగేవాటి చిట్టా అయిన లాగ్‌క్యాట్ చూడండి. అందులో ‘ఫెయిల్డ్ హోస్ట్ లుకప్’ అనే మాట కనిపిస్తే దాదాపు ఇదే కారణం. సర్వర్ చిరునామా అందకపోవడమే కారణమైతే ఆ మాటకు బదులు సాధారణంగా ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తుంది. మెయిన్ మ్యానిఫెస్ట్‌లో ఇంటర్నెట్ అనుమతి వరుసను చేర్చి, ఏపీకేను మళ్లీ తయారు చేయండి. ఒకవేళ ఆ ఫోన్‌లో ఇంతకుముందు డీబగ్ యాప్ ఉండి ఉంటే, దాన్ని తీసేశాకే కొత్తది ఎక్కించాలి. రెండింటి సంతకాలు (ఎవరు తయారు చేశారో చెప్పే డిజిటల్ గుర్తులు) వేరైతే ఒకదాని మీద ఒకటి ఎక్కక, ‘యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్’ అనే సందేశం వస్తుంది.

మీరు అడగకపోయినా మరో రెండు మాటలు చెప్పాలి. చక్రం ఆగకుండా తిరగడమే ఒక లోపం. పదిహేను, ఇరవై సెకన్లలో సర్వర్ నుంచి జవాబు రాకపోతే ‘నెట్ అందడం లేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని తెలుగులో చెప్పే ఏర్పాటు మీ యాప్‌లో ఉండాలి. లేకపోతే నాన్నగారికి తప్పు ఫోన్‌దో, నెట్‌దో, కొడుకుదో తెలిసే దారి లేదు. రెండోది ఇంకా ముఖ్యం. సిగ్నల్ వచ్చిపోయే చోట అరువు పద్దు రాసే యాప్ ముందు ఫోన్‌లోని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పద్దు రాసుకుని, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కు పంపాలి. పంపేటప్పుడు జవాబు మధ్యలో తెగిపోతే యాప్ అదే పద్దును మళ్లీ పంపుతుంది, అప్పుడు రెండు వందల అరువు నాలుగు వందలవుతుంది. ప్రతి పద్దుకూ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యతో ఇదివరకే పద్దు ఉంటే సర్వర్ రెండోసారి రాయకుండా చూసుకోండి. డబ్బు లెక్కల యాప్‌లో ఒక్కసారి తేడా వస్తే ఖాతాదారుడికి దుకాణం మీదే నమ్మకం పోతుంది, యాప్ సంగతి తరువాత.

ప్రశ్న: మేము పట్టుచీరలు అమ్ముతాము. మా యాప్‌లో గూగుల్ లాగిన్ పెట్టాము. పరీక్షించినప్పుడు బాగానే పనిచేసింది. ప్లే స్టోర్ నుంచి దించుకున్నవారికి మాత్రం ఖాతా ఎంచుకున్న వెంటనే ఎర్రర్ 10 వస్తోంది.
– చీరల దుకాణం యజమానురాలు, బరంపురం

జవాబు: ఎర్రర్ 10 అంటే లాగిన్ అడుగుతున్న యాప్ సంతకం గూగుల్ దగ్గర నమోదైన సంతకంతో సరిపోలేదని. ఒకే యాప్‌కు మూడు తాళాలు (సంతకం చేసే డిజిటల్ కీలు) ఉండవచ్చునన్న సంగతి తెలియకపోవడమే ఈ చిక్కుకు కారణం. తయారీ దశలో డీబగ్ తాళం, ప్లే కన్సోల్‌కు (ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టే గూగుల్ సైట్) ఎక్కించేటప్పుడు అప్‌లోడ్ తాళం పనిచేస్తాయి. ఆ తరువాత గూగుల్ మీ అప్‌లోడ్ సంతకాన్ని తీసేసి, తన దగ్గర భద్రపరచిన యాప్ సైనింగ్ తాళంతో కొత్తగా సంతకం చేసి జనానికి అందిస్తుంది. మీరు లాగిన్ వంటి సేవలు అందించే గూగుల్ వేదిక ఫైర్‌బేస్‌లో మొదటి ఒకటి రెండు తాళాల ఎస్‌హెచ్‌ఏ-1 ముద్రలు (తాళాన్ని గుర్తుపట్టే సంకేతాలు) మాత్రమే ఇచ్చి ఉంటారు. ప్లే కన్సోల్‌లోని యాప్ సైనింగ్ పేజీలో మూడో తాళం ముద్ర కనిపిస్తుంది. దాన్ని ఫైర్‌బేస్ ప్రాజెక్టు సెట్టింగులలో చేర్చి, గూగుల్ సర్వీసెస్ ఫైల్‌ను మళ్లీ దించుకుని ప్రాజెక్టులో పెట్టండి. పాత ముద్రలను తీసేయవద్దు, తీసేస్తే మీరు ల్యాప్‌టాప్ నుంచి నడిపి చూసుకునే యాప్‌లో లాగిన్ ఆగిపోతుంది. గూగుల్ మ్యాప్స్ వాడుకోవడానికి ఇచ్చే తాళంచెవికి (ఏపీఐ కీ) ముద్రల పరిమితి పెట్టుకున్నవారికి కూడా ఇదే బాధ ఎదురవుతుంది, మందూ ఇదే.

ప్రశ్న: పిల్లలకు ఎక్కాలు నేర్పే యాప్‌ను ఆరుగురు మిత్రులతో పరీక్షించి పంపాను. ప్రజలకు విడుదల చేసే అవకాశమే కన్సోల్‌లో కనిపించడం లేదు. 25 డాలర్లు కట్టాక కూడా ఈ అడ్డు ఏమిటి?
– ట్యూషన్ మాస్టారు, గుణుపురం

జవాబు: మాస్టారూ, ఆ 25 డాలర్లు ఖాతా తెరవడానికి ఒక్కసారి కట్టే రుసుము మాత్రమే. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక నిబంధన ఉంది: క్లోజ్డ్ టెస్టింగ్‌లో (మీరు ఎంచుకున్నవారికే యాప్ అందే పరీక్షలో) కనీసం 12 మంది, వరుసగా 14 రోజులు చేరి ఉండాలి. ఆ తరువాతే విడుదలకు దరఖాస్తు చేయగలరు. మొదట ఈ సంఖ్య 20గా ఉండేది, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. కొద్దిమందితో త్వరగా చూసుకునే ఇంటర్నల్ టెస్టింగ్‌లో చేర్చినవారు ఈ లెక్కలోకి రారు.

లెక్క తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. మీరు పంపిన లింకును తెరిచి ‘పరీక్షకుడిగా చేరుతాను’ అని ఒప్పుకుంటేనే ఆ మనిషి లెక్కకు వస్తాడు, ఏపీకే పంపి ఎక్కించుకోమంటే సరిపోదు. చాలామంది ఫోన్లలో రెండేసి జీమెయిల్ ఖాతాలు ఉంటాయి. మీ జాబితాలో ఒకటి, ప్లే స్టోర్‌లో ఇంకొకటి ఉంటే యాప్ కనిపించదు. ఆ టెస్టింగ్ ట్రాక్‌కు దేశంగా భారత్‌ను ఎంచుకున్నారో లేదో కూడా చూసుకోండి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే సంఖ్య పడిపోతుంది కనుక పద్దెనిమిది, ఇరవై మందిని చేర్చుకోవడం మేలు. డబ్బు తీసుకుని పరీక్షకులను సమకూర్చే గుంపుల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెబుతున్నాను. పరీక్షకులు ఏమన్నారు, వారి మాట విని ఏం మార్చారు అని దరఖాస్తులో గూగుల్ అడుగుతుంది. మీ దగ్గరకు వచ్చే పిల్లల తల్లిదండ్రులకంటే మంచి పరీక్షకులు మీకు ఎక్కడ దొరుకుతారు? వారు చెప్పినవి ఏ రోజుకారోజు రాసిపెట్టుకుంటే ఆ ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే తయారవుతాయి.

ప్రశ్న: మా ఆటో బుకింగ్ యాప్‌ను ‘లాగిన్ కాలేకపోయాం’ అంటూ గూగుల్ పరిశీలకులు తిరస్కరించారు. ఓటీపీతో ఎవరైనా లాగిన్ కావచ్చు కదా?
– పాఠకుడు, జయపురం

జవాబు: పరిశీలించే వ్యక్తి చేతిలో మీ ఓటీపీ అందే భారతీయ నంబరు ఉంటుందని అనుకోకూడదు. ఫైర్‌బేస్ ఫోన్ లాగిన్ వాడుతున్నట్లయితే, ఎస్‌ఎంఎస్ వెళ్లకుండా స్థిరమైన కోడ్‌తో పనిచేసే పరీక్ష నంబరును అందులో పెట్టుకునే సదుపాయం ఉంది. ఆ నంబరు, ఆ కోడ్, ఏ తెరలో వాటిని నింపాలో కన్సోల్‌లోని యాప్ యాక్సెస్ విభాగంలో వివరంగా రాయండి. ఓటీపీని యాప్ తనంతట తాను చదువుకోవడానికి ఎస్‌ఎంఎస్ అనుమతి కోరి ఉంటే తీసేయండి, దానిమీద ఆంక్షలు కఠినంగా ఉన్నాయి. ఎస్‌ఎంఎస్ రిట్రీవర్ పద్ధతిలో ఆ అనుమతి లేకుండానే పని జరుగుతుంది. ఖాతా తెరిచే యాప్ కనుక, ఖాతాను తొలగించుకునే దారి యాప్ లోపలా ఉండాలి, వెబ్ లింకుగానూ ఉండాలి.

ప్రశ్న: మందుల దుకాణం కోసం కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన యాప్‌లో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు భాషలు మార్చుకునే బటన్ పెట్టాను. పరీక్షలో మూడూ వచ్చాయి. ప్లే స్టోర్ నుంచి దించాక ఏ భాష నొక్కినా ఇంగ్లీషే వస్తోంది. అదీగాక తెలుగులో కొన్ని అక్షరాల కింది భాగం తెగిపోతోంది.
– ఫార్మసిస్టు, రాయగడ

జవాబు: మీ ప్రశ్న మన సరిహద్దు ఊళ్లలో యాప్ చేసే ప్రతి ఒక్కరికీ పనికివచ్చేది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లను ప్లే స్టోర్‌కు యాప్ బండిల్ రూపంలోనే ఇవ్వాలి. బండిల్ నుంచి ప్లే స్టోర్ ఒక్కొక్క ఫోన్‌కు కావలసిన ముక్కలను మాత్రమే పంపుతుంది, అందులో భాష కూడా ఒక ముక్క. మన వైపు చాలామంది ఫోన్ సెట్టింగులలో భాషను ఇంగ్లీషులోనే ఉంచుతారు కాబట్టి, వారి ఫోన్‌కు మీ తెలుగు, ఒడియా వాక్యాలు అసలు చేరలేదు. మీరు పరీక్షించిన ఏపీకేలో మూడు భాషలూ ఉన్నాయి కనుక లోపం మీ కంటపడలేదు. యాప్ తయారీ సూచనలుండే గ్రేడిల్ ఫైల్‌లోని బండిల్ విభాగంలో భాషల విభజనను నిలిపివేయండి. వాక్యాలు మాత్రమే కనుక యాప్ పరిమాణం పెద్దగా పెరగదు. మార్చాక ఇంటర్నల్ టెస్టింగ్‌లో పెట్టి, ఇంగ్లీషులో ఉన్న ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచే దించి చూడండి.

అక్షరాలు తెగడానికి కారణం ఇంగ్లీషు కొలతలతో గీసిన తెర. తెలుగులో వత్తులు గీత కిందికి దిగుతాయి. ‘స్త్రీలకు’, ‘రాత్రి భోజనం తర్వాత’ వంటి మాటలను మీ బటన్ల మీద పెట్టి చూస్తే సంగతి వెంటనే తెలుస్తుంది. బటన్‌కు, పెట్టెకు స్థిరమైన ఎత్తు ఇవ్వకుండా, కనీస ఎత్తు మాత్రమే చెప్పి లోపలి అక్షరాన్ని బట్టి పెరగనివ్వండి. ఫాంట్ చుట్టూ ఉండే ఖాళీని తీసేసే అమరిక ఎక్కడైనా పెట్టి ఉంటే తొలగించండి. ఫోన్ సెట్టింగులలో అక్షరాల పరిమాణాన్ని పెద్దది చేసి మరోసారి చూడండి, మీ దగ్గరకు వచ్చే పెద్దవారిలో చాలామంది అలాగే వాడతారు. మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పే వాక్యంలో ఒక వత్తు తెగినా ప్రమాదమే.

ఇదే సందర్భంలో ఇంకో హెచ్చరిక. పాత కరపత్రాల నుంచి, డీటీపీ ఫైళ్ల నుంచి అను ఫాంట్లలో (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు) ఉన్న పాఠాన్ని తెచ్చి అతికిస్తే యాప్‌లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి, దాన్ని ముందు యూనికోడ్‌లోకి (ఫోన్లన్నీ చదవగలిగే అక్షర సంకేతాల్లోకి) మార్చుకోవాలి. పేర్లను ఇన్ని అక్షరాల దగ్గర కత్తిరించే కోడ్ రాసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ‘పర్లాకిమిడి’ మన కంటికి అయిదు అక్షరాలే, యూనికోడ్ లెక్కలో పదకొండు. మూడింటి దగ్గర కత్తిరిస్తే ‘పర్’ మాత్రమే మిగులుతుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్ పాడైంది. యాప్ తాళం ఉండే కీస్టోర్ ఫైల్ అందులోనే పోయింది. యాప్‌ను మళ్లీ మొదటి నుంచి కొత్త పేరుతో పెట్టాలా?
– పాఠకుడు, బరంపురం

జవాబు: అక్కర్లేదు. మీ యాప్ ప్లే యాప్ సైనింగ్‌లో ఉంటే పోయింది అప్‌లోడ్ తాళమే, అసలు తాళం గూగుల్ దగ్గర క్షేమంగా ఉంది. కొత్త కీస్టోర్ తయారు చేసి, దాని సర్టిఫికెట్‌తో ఖాతా యజమానే కన్సోల్‌లో అప్‌లోడ్ కీ మార్పు కోరాలి. ఈసారి ఫైల్‌ను, పాస్‌వర్డ్‌ను రెండు వేర్వేరు చోట్ల దాచండి.

ప్రశ్న: టార్గెట్ ఏపీఐ (యాప్ లక్ష్యంగా పెట్టుకునే ఆండ్రాయిడ్ స్థాయి) పెంచకపోతే అప్‌డేట్‌ను అంగీకరించబోమని సందేశం వచ్చింది. పెంచితే కింది బటన్లు ఫోన్ బటన్ల వెనక్కి పోయాయి.
– పాఠకుడు, రాయగడ

జవాబు: 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు, అప్‌డేట్‌లు ఆండ్రాయిడ్ 15ను, అంటే ఏపీఐ 35ను లక్ష్యంగా పెట్టుకోవాలని నిబంధన వచ్చింది. ఆ స్థాయికి మారిన యాప్‌ను ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో తెర అంచుల దాకా పరచడం తప్పనిసరి చేశారు. అందుకే మీ కింది బటన్లు ఫోన్ బటన్ల వెనక్కి జారిపోయాయి. విండో ఇన్‌సెట్స్ ద్వారా పైన, కింద సిస్టమ్ పట్టీలు ఆక్రమించే ఎత్తును తెలుసుకుని, అంత ఖాళీని మీ తెరకు చేర్చండి. మూడు బటన్లున్న ఫోన్‌లో ఒకసారి, వేలితో తోసే పద్ధతి ఉన్న ఫోన్‌లో ఒకసారి, కీబోర్డు తెరిచి ఒకసారి చూసుకున్న తరువాతే అప్‌డేట్ ఎక్కించండి. వెర్షన్ కోడ్ (అప్‌డేట్‌కు మీరిచ్చే సంఖ్య) కిందటిసారి కంటే పెద్దదిగా లేకపోతే కన్సోల్ ఆ ఫైల్‌ను తీసుకోదు.