యూనియన్ పెడతామన్నందుకు బదిలీ చేయవచ్చా?

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో 180 మందిమి పనిచేస్తున్నాం. యూనియన్ పెట్టుకుందామని అనుకున్న వారానికే హెచ్ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ పిలిచి, 'నేను ఏ యూనియన్‌లోనూ చేరను' అన్న కాగితం మీద సంతకం చేయమంటున్నారు, లేదంటే ఉద్యోగం ఉండదంటున్నారు. ముందుండి మాట్లాడిన ఇద్దరిని వేరే యూనిట్‌కి బదిలీ చేశారు. నిరసనగా అందరం ఒకేరోజు క్యాజువల్ లీవు పెడదామంటున్నారు కొందరు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లీవు ఆలోచన మానుకోండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సగం మంది లేదా అంతకుమించి కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెడితే అది సమ్మే. మీ లెక్కలో 90 మంది. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది చట్టవిరుద్ధ సమ్మె అవుతుంది. అందులో దిగిన కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల రూపాయల జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇప్పటిదాకా తప్పు యాజమాన్యం వైపే ఉంది. దాన్ని మీ మీదకు తెచ్చుకోకండి.

యూనియన్ పెట్టుకోవడానికి మేనేజర్ అనుమతి అక్కర్లేదు. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 19(1)(సి) అధికరణ ఇచ్చింది. రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు దరఖాస్తు చేయాలి. కార్మికుల్లో పది శాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. మీకు 18 మంది చాలు. అయితే అంచుమీద ఆగకండి. రిజిస్టరయ్యాక కూడా ఆ సంఖ్య ఎప్పుడూ తగ్గకూడదు. ఒత్తిడికి నలుగురు జారిపోయినా తట్టుకునేలా సభ్యుల్ని చేర్చుకోండి.

ఇక ఆ సంతకం. యూనియన్‌లో చేరితే ఉద్యోగం తీసేస్తామని బెదిరించడం, యూనియన్ పని చేశాడన్న కక్షతో బదిలీ చేయడం, రెండూ అనుచిత కార్మిక చర్యలుగా కోడ్ రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. తమాషా ఏమిటంటే, యూనియన్ కట్టే కీలక సమయంలో దాన్ని దెబ్బతీయాలని జీతాలు పెంచడమూ అదే జాబితాలో ఉంది! ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు టెన్షన్ పడొద్దు. బెదిరించి రాయించుకున్న కాగితంతో మీ హక్కు పోదు. ఎవరు పిలిచారు, ఏ తేదీన, ఏమన్నారు, ఎవరు విన్నారు అన్నది మాత్రం ఆ రోజే రాసి పెట్టుకోండి.

బదిలీ అయిన ఇద్దరి సంగతి కాస్త చిక్కు. పని అవసరం కోసమే పంపామని కంపెనీ అంటుంది. నియామక పత్రంలో బదిలీ షరతు ఉంటే దాన్నే చూపిస్తుంది. కక్ష అని నిరూపించాలంటే తేదీలే మీకు బలం: మీ మీటింగ్ ఎప్పుడు, ఉత్తర్వు ఎప్పుడు, వీళ్లనే ఎందుకు ఎంచారు. వాళ్లు వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే ఉత్తర్వు ధిక్కరించారంటూ చార్జిషీటు వస్తుంది. నా సలహా, 'అభ్యంతరం తెలుపుతూ చేరుతున్నాను' అని లిఖితంగా ఇచ్చి చేరమనండి. వెంటనే కార్మిక శాఖలో వివాదాలకు రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారికి ఫిర్యాదు చేయండి. వివాదం అక్కడ నడుస్తుండగా దానికి సంబంధించిన ఉద్యోగ షరతుల్ని కార్మికులకు నష్టం కలిగేలా మార్చకూడదు.

రిజిస్టరయ్యాక ఆఫీస్ బేరర్లను 'రక్షిత కార్మికులు'గా గుర్తించమని యాజమాన్యానికి లేఖ ఇవ్వండి. మొత్తం కార్మికుల్లో ఒక శాతం, కనీసం ఐదుగురు. అంటే మీకు ఐదుగురు. వివాదం నడుస్తుండగా ఆ ఐదుగురిని సంబంధిత అధికారి ముందస్తు అనుమతి లేకుండా తొలగించడం కుదరదు.

రెండో షెడ్యూల్ మీకూ వర్తిస్తుంది. రాని తోటివాడిని బలవంతంగా చేర్పించడం, మేనేజర్లను ఘెరావ్ చేయడం అందులోవే.