టెక్ సందేహాలు: వంశవృక్షం నెట్‌లో పెడితే ఎంతవరకు పెట్టాలి?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. ఇరవై ఏళ్లుగా బంధువుల ఇళ్లన్నీ తిరిగి మా వంశవృక్షం రాసుకున్నాను. ఏడు తరాలు, నాలుగు వందల పైచిలుకు పేర్లు ఎక్సెల్‌లో ఉన్నాయి. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ‘ఏదో ఒక సైట్‌లో పెట్టేయండి నాన్నా, అందరూ చూస్తారు’ అంటోంది. అందరి పుట్టిన తేదీలూ అందులో ఉన్నాయి. మోసగాళ్ల చేతిలో పడతాయేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
- రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ టెన్షన్ సబబే. పాస్‌వర్డ్ మర్చిపోతే ‘మీ తల్లి పుట్టింటి పేరేమిటి?’ అని అడిగే సర్వీసులు ఇంకా ఉన్నాయి. వంశవృక్షం అంటేనే అలాంటి జవాబుల పట్టిక. అందుకే నేను పాటించే లెక్క ఒకటే. పోయినవాళ్ల వివరాలు ధారాళంగా పెడతాను, ఉన్నవాళ్లవి మా ఇంటి కంప్యూటర్ గడప దాటనివ్వను.

అసలు ప్రతి మీ దగ్గరే ఉండాలి. అందుకు గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మీ ఎక్సెల్ షీట్‌ను ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గానే సేవ్ చేయండి. ఉత్త సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. వ్యక్తులు, పెళ్లిళ్లు, పిల్లలు వేర్వేరు పట్టికలుగా ఉండాలి, హెడ్డింగులు గ్రాంప్స్ చెప్పిన మాటల్లోనే ఉండాలి. నాలుగు వందలూ ఒకేసారి ఎక్కించకుండా ముందు పది పేర్లతో చూసుకోండి.

ఇక మన పేర్ల సంగతి. ‘సర్‌నేమ్’ అన్నచోట ఇంటిపేరు, ‘గివెన్ నేమ్’ అన్నచోట అసలు పేరు రాయండి. తెర మీద ఇంటిపేరు ముందు కనిపించేలా సెట్టింగ్ మార్చుకోవచ్చు. కోడళ్లకు మాత్రం పుట్టింటి ఇంటిపేరే రాయాలి. మెట్టినింటి పేరు రాస్తే ఆమె వైపు తరాలకు దారి అక్కడితో మూసుకుపోతుంది. మన వంశావళుల్లో ఆడవాళ్లను ‘ఫలానావారి భార్య’తో సరిపెట్టేసిన లోటు ఇప్పుడైనా తీరాలి.

మరో చిక్కుంది. మన పెద్దల్లో చాలామందికి పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు. తేదీల్లేకపోతే మనిషి ఉన్నాడో పోయాడో సాఫ్ట్‌వేర్ చుట్టూ ఉన్నవాళ్ల తేదీలు చూసి అంచనా వేస్తుంది. దాని లెక్కలో మీ తాతగారు ఇంకా బతికే ఉండవచ్చు! తేదీ తెలియకపోయినా మరణం అనే ఎంట్రీ ఒకటి ఖాళీగానైనా చేర్చండి. ఆ తర్వాత బతికున్నవాళ్లను మినహాయించమని చెప్పి జెడ్‌కామ్ (GEDCOM) ఫైల్‌గా ఎగుమతి చేయండి. 1984లో అమెరికాలోని ఒక చర్చి వాళ్లు తయారు చేసిన ఫార్మాట్ అది, ఇప్పటికీ దాదాపు ప్రతి వంశవృక్షం సైటూ తీసుకుంటుంది. మామూలు టెక్స్ట్ ఫైలే కాబట్టి ఫొటోలు అందులో రావు, వాటిని విడిగా దాచుకోవాలి.

సైట్ల విషయానికొస్తే, అదే చర్చి నడిపే ఫ్యామిలీసెర్చ్ ఉచితం. కానీ అక్కడ లోకానికంతా ఒకటే చెట్టు. మీరు రాసినదాన్ని ఇంకొకరు దిద్దగలరు. వికీట్రీ కూడా ఇంచుమించు అంతే. నా చెట్టు నాదే, ఎవరూ చెయ్యి పెట్టకూడదు అనుకుంటే సొంత చెట్టు పెట్టుకునే మైహెరిటేజ్ వంటివి చూడండి. ఎక్కడ పెట్టినా వేరే బ్రౌజర్‌లో, లాగిన్ కాకుండా ఒకసారి తెరవండి. మీ మనవరాలి పేరు కనబడిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ప్రశ్న: దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒకాయన ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టారు. ఆయన ముత్తాత మా ఊరి నుంచే చెరకు తోటల పనికి ఓడెక్కాడట. మా ముత్తాతగారి తమ్ముడొకాయన ఓడెక్కి తిరిగి రాలేదని మా నాయనమ్మ చెప్పేది. నమ్మవచ్చా? మోసమా?
- విజయనగరం పాఠకురాలు

జవాబు: అమ్మా, చదవగానే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కథ మాత్రం పూర్తిగా నమ్మదగినదే. 1860 నుంచి 1911 వరకు లక్షా 52 వేల మంది భారతీయులు కూలి ఒప్పందం మీద నాటల్‌కు, అంటే డర్బన్ ఉన్న ప్రాంతానికి, వెళ్లారు. మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, చివరికి ఒంటి మీది పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు కూడా రాశారు.

కాబట్టి ఆయన్ని ముందు ఆ ‘కలోనియల్ నంబర్’, ఎంట్రీ ఫొటో అడగండి. నిజంగా వెతుకుతున్నవాళ్ల దగ్గర సాధారణంగా అవి సిద్ధంగా ఉంటాయి. ఊరిపేరు తెల్లదొర చెవికి వినబడినట్టు రాసి ఉంటుంది, కంగారుపడకండి. శ్రీకాకుళం ‘చికాకోల్’, భీమునిపట్నం ‘బిమ్లీపటం’, విశాఖ ‘వైజాగపటం’. మీ విజయనగరం అప్పట్లో ఆ విశాఖ జిల్లాలోనిదే. ఇంటిపేరు కలవలేదని కొట్టిపారేయవద్దు, అక్కడ చాలా కుటుంబాల్లో ఇంటిపేరు నిలవలేదు, తాత పేరే ఇంటిపేరైంది. మీ దగ్గర తేల్చాల్సింది తండ్రి పేరు, ఊరు, సుమారు సంవత్సరం. మూడూ కలిస్తే ముందుకు వెళ్లవచ్చు.

జవాబు ఇలా రాయవచ్చు: ‘నమస్కారమండి. మా ముత్తాతగారి తండ్రి పేరు సుబ్బయ్య, ఊరు ఫలానా. ఆయన రెండో కొడుకు ఓడెక్కినట్టు మా నాయనమ్మ చెప్పగా విన్నాను, కాగితం ఏదీ లేదు. మీ దగ్గరున్న ఓడ జాబితా ఎంట్రీ పంపగలరా?’ విన్నదేదో, కాగితం మీద ఉన్నదేదో విడదీసి చెప్పడం ముఖ్యం. ఆధార్, ఓటీపీ, ‘పూర్వీకుల ఆస్తి’, ప్రాసెసింగ్ ఫీజు అనే మాటల్లో ఏది వచ్చినా బ్లాక్ చేసేయండి.

ప్రశ్న: సైట్‌లో ‘మీ చెట్టుకు 63 మ్యాచ్‌లు దొరికాయి’ అని వచ్చింది. అన్నీ ఒప్పుకోవచ్చా?
- ఖమ్మం పాఠకుడు

జవాబు: వద్దు. మ్యాచ్ అంటే ఇతరుల చెట్లలోనో రికార్డుల్లోనో ‘వీళ్లు మీవాళ్లేనేమో’ అని సైటు వేసిన ఊహ మాత్రమే. నేనొకసారి ఒక సైట్‌లో అలాగే అన్నీ ఒప్పుకుంటే మా తాతగారు తన తాతకే తండ్రయి కూర్చున్నారు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనది, ఆ సంగతి సైటుకు తెలియదు. సరిచేయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒక్కొక్కటీ తెరిచి భార్య పేరు, ఊరు కలిస్తేనే ఒప్పుకోండి.

ప్రశ్న: మా వంశావళి పుస్తకం 2004లో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో వేయించాం. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.
- తెనాలి పాఠకుడు

జవాబు: అది యూనికోడ్ (తెలుగు అక్షరాలను ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించే కోడ్ పద్ధతి) కాదు కాబట్టి అలా వస్తుంది. తెర మీద తెలుగు కనబడుతున్నా లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, గుణింతాలు కళ్లతో చూసుకోవాలి, ముఖ్యంగా పేర్లలో. ఫైల్ పోయి పుస్తకమే మిగిలి ఉంటే పేజీలు స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు బాగానే చదువుతుంది. అలాంటి పుస్తకాల చివర సభ్యుల అడ్రసులు, ఫోన్ నంబర్లు వేస్తారు కదా, ఆ పేజీలు మాత్రం స్కాన్‌లో కలపకండి.