మైక్ లీచ్‌ను టెక్సస్ టెక్ ఎందుకు తీసేసింది?

లీచ్ అమెరికాలోని టెక్సస్ టెక్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కోచ్. ముందుగా ఒక మాట: ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

2009 డిసెంబర్‌లో ఆడమ్ జేమ్స్ అనే ఆటగాడి తలకు దెబ్బ తగిలింది. కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి అయ్యే గాయం) అని తేలడంతో అతన్ని ప్రాక్టీస్‌కు దూరంగా ఉంచారు. కోచ్ లీచ్ మాత్రం అతన్ని ప్రాక్టీస్ జరిగినంతసేపూ ఒకరోజు సామాన్ల షెడ్డులో, మరోరోజు స్టేడియంలోని చీకటి గదిలో ఉంచమన్నాడు. కుర్రాడి కుటుంబం ఫిర్యాదు చేసింది. తండ్రి క్రెయిగ్ జేమ్స్ అప్పట్లో ఈఎస్‌పీఎన్ అనే క్రీడల టీవీ ఛానల్‌లో వ్యాఖ్యాత కావడంతో గొడవ దేశమంతా పాకింది.

డిసెంబర్ 28న సస్పెన్షన్. లీచ్ కోర్టుకెళ్లాడు. 30న విచారణ మొదలయ్యే ముందే యూనివర్సిటీ అతన్ని తొలగించింది. కారణంగా చెప్పింది ఆటగాడి పట్ల తీరు ఒక్కటే కాదు, పైవాళ్ల మాట వినకపోవడం కూడా. మర్నాడు అతనికి 8 లక్షల డాలర్ల బోనస్ రావాల్సి ఉంది. అందుకే ఇది డబ్బు ఎగ్గొట్టే ఎత్తు అని అతని అభిమానులు నేటికీ అంటారు. లీచ్ దావా వేశాడు కానీ, ప్రభుత్వ యూనివర్సిటీలకు చట్టం ఇచ్చే రక్షణ వల్ల పరిహారం దక్కలేదు.

కంకషన్‌లో వెలుతురు ఇబ్బంది పెడుతుంది కాబట్టే నీడలో ఉంచామన్నది అతని వాదన. నాకది మింగుడుపడదు. విశ్రాంతి ఇవ్వాలంటే ఇంటికి పంపవచ్చు, షెడ్డులో గంటల తరబడి నిలబెట్టనక్కర్లేదు. పైగా మెదడు దెబ్బ బయటికి కనిపించదు. ఆటగాడు నటిస్తున్నాడేమో అన్న అనుమానం వస్తే, దాన్ని తేల్చాల్సింది డాక్టరు, కోచ్ కాదు.