దోమతెర సంగతి సరే, ఆ చలిజ్వరం మాటేమిటి?

ప్రశ్న: మాది గోపాలపట్నం. మావారు పాడేరు వైపు డ్యూటీ చేస్తారు. అక్కడ పంచిన మందు దోమతెర తెస్తే ఆ రాత్రే కవర్ విప్పి కట్టాం. తెల్లారేసరికి మా మూడేళ్ల పాప బుగ్గలు ఎర్రబడి, మంటని ఏడ్చింది. మందు ఒంట్లోకి పోతుందా? ఉతికేస్తే వదిలిపోతుందా? మావారికి రోజు విడిచి రోజు చలిజ్వరం వచ్చింది, మెడికల్ షాపులో మలేరియా మాత్రలిస్తే రెండ్రోజులు వేసుకున్నారు, తగ్గింది.

సలహా: తెర గురించి ఇంత రాసి, అసలు సంగతి ఆఖర్న పడేశారేంటమ్మా! ఏజెన్సీలో తిరిగే మనిషికి రోజు విడిచి రోజు చలిజ్వరమంటే, కాదని తేలేదాకా మలేరియా అనే అనుకోవాలి. తగ్గింది కదా అంటారు. మలేరియాలో వైవాక్స్ రకమైతే క్రిమి లివర్‌లో దాక్కుని నెలల తర్వాత తిరగబెట్టొచ్చు, దానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, అదీ డాక్టర్ చూశాకే. ఫాల్సిపారమ్ రకమైతే మెదడు, కిడ్నీల మీదకి రావచ్చు, మందులు వేరు. రక్తం చూడకుండా షాపు కుర్రాడికి ఏం తెలుస్తుంది? సగం మాత్రలు మింగాక చేసే పరీక్షలో క్రిమి ఒక్కోసారి దొరకదు కూడా, అందుకే మిగిలిన స్ట్రిప్ జేబులో పెట్టుకుని రేపే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమనండి, పరీక్ష ఉచితమే. మత్తుగా ఉన్నా, మూత్రం నల్లగా వచ్చినా అర్ధరాత్రయినా విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ క్యాజువాలిటీకి తీసుకెళ్లిపోండి.

ఇక తెర. కొన్నిటికి పాలియెస్టర్ దారం మీద డెల్టామెత్రిన్ అనే దోమల మందు పూస్తారు, కొన్నిటికి పాలిథిలీన్ దారం తీసేటప్పుడే పెర్మెత్రిన్ అనే మందు కలిపేస్తారు, పైది అరిగేకొద్దీ లోపలిది ఊరుతుంది. 20 ఉతుకుల దాకా పనిచేయాలని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క, కాబట్టి ఒక్క ఉతుకుతో పోదు. దోమ నరాలని దెబ్బతీసే మందే అయినా తెర తగిలితే మన ఒంట్లోకి వెళ్లేది బాగా తక్కువ. కొత్త తెరకి మంట మామూలే, సాధారణంగా ఒక రోజులో పోతుంది. కట్టేముందు 24 గంటలు నీడలో ఆరేయాల్సింది. పాప తెర నోట్లో పెట్టుకోకుండా చూడండి. దద్దుర్లు, ఆయాసం ఉంటే నేను చూడకుండా చెప్పలేను, పిల్లల డాక్టర్‌కి చూపించండి. మందు తగ్గిందని బొద్దింకల స్ప్రేనో పొలం మందో తెరకి కొట్టేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయొద్దు. ఉతికిన నీళ్లు గెడ్డలో పోయకండి, చేపలు చస్తాయి.

పాపకి జ్వరం ఉందో లేదో రాయలేదు. ఒళ్లు వెచ్చగా ఉంటే తనకీ రేపే రక్తపరీక్ష చేయించండి.