నాన్నగారి కాలు, కొడుకుల సంతకం

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారికి 71 ఏళ్లు. చాలా కాలంగా షుగరు ఉంది. ఎడమ పాదానికి గ్యాంగ్రీన్ రావడంతో బరంపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మోకాలి కింది నుంచి కాలు తీయకపోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్లు అంటున్నారు. నాన్నగారేమో "కాలు లేకుండా నా కొట్టు గుమ్మం ఎక్కలేను, నన్నిలాగే ఇంటికి తీసుకుపోండి" అని పట్టుబట్టారు. పుండు శుభ్రం చేయడానికి మత్తు ఇచ్చినప్పుడు కొడుకులు సంతకం పెడితే ఆపరేషన్ కూడా చేసేయవచ్చని సిబ్బందిలో ఒకరు సూచించారు. అన్నయ్య అందుకు సిద్ధంగా ఉన్నారు, నాకు మనసొప్పడం లేదు. మా సంతకం చెల్లుతుందా? ఆయన మాట విని ఊరుకుంటే తండ్రిని వదిలేశారని మా మీద కేసు వస్తుందా?

జవాబు: మీ సంతకం చెల్లదు. మీ నాన్నగారు మేజరు, స్పృహలో ఉన్నారు, ఏం వద్దంటున్నారో, ఎందుకు వద్దంటున్నారో స్వయంగా చెప్పగలుగుతున్నారు. అటువంటి వ్యక్తి శరీరం మీద జరిగే శస్త్రచికిత్సకు అనుమతి ఇచ్చే అధికారం చట్టరీత్యా ఆయనకే ఉంది. కన్న కొడుకులైనా, కట్టుకున్న భార్య అయినా ఆయన బ్రతికి, తెలివితో ఉండగా ఆ అధికారాన్ని తమ చేతుల్లోకి తీసుకోలేరు.

సిబ్బంది చెప్పిన ఉపాయం కొత్తదేమీ కాదు. దాదాపు అలాగే జరిగిన ఒక ఉదంతం మీద సుప్రీంకోర్టు 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. నలభై నాలుగేళ్ల అవివాహిత లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకుని మత్తులో ఉండగా, డాక్టరు సహాయకురాలు బయటికి వచ్చి, గది ముందు కూర్చున్న ఆమె తల్లి చేత సంతకం పెట్టించుకుంది. ఆ సంతకాన్ని పట్టుకుని లోపల ఆమె గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించారు. డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేశారన్న వాదనను కోర్టు పూర్తిగా కొట్టిపారేయలేదు గాని, రోగి తాత్కాలికంగా మత్తులో ఉన్నంత మాత్రాన తల్లికి నిర్ణయాధికారం రాదని, ప్రాణాపాయం ముంచుకురాలేదు కాబట్టి ఆమె మెలకువలోకి వచ్చేదాకా ఆగవలసిందని, పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు ఇచ్చిన అనుమతి కాదని తేల్చింది. ఫీజు వదులుకోమని, 25,000 రూపాయల పరిహారం ఇమ్మని ఆదేశించింది. మొత్తం చిన్నదే, సూత్రం మాత్రం నేటికీ నిలిచి ఉంది. మీ విషయంలో పరిస్థితి ఇంకా స్పష్టం: ఆ తల్లికి కూతురి అభిప్రాయం తెలియదు, మీకు మీ నాన్నగారి అభిప్రాయం తెలుసు. వద్దన్న మనిషికి మత్తిచ్చి కాలు తీయడాన్ని ఏ కోర్టూ కేవలం పొరపాటని సరిపెట్టుకోదు.

మరి ఆసుపత్రులు ఎప్పుడూ బంధువుల సంతకమే ఎందుకు అడుగుతాయని మీకు అనిపించవచ్చు. డాక్టర్ల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనల్లోనే ఆపరేషన్‌కు ముందు ఎవరి అనుమతి తీసుకోవాలో చెబుతూ భర్త లేదా భార్య, మైనరు అయితే తల్లిదండ్రులు లేదా సంరక్షకుడు, లేదా రోగి అని రాశారు; రోగిని చివర పెట్టారు. ఆ వరుస చూసి చాలా చోట్ల రోగిని అడగడమే మానేశారని నా అనుమానం. బంధువు సంతకం బిల్లుకు పూచీగా, సాక్షిగా పనికి వస్తుంది, అంతే.

అయితే మీ అన్నగారి ఆరాటాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. "వద్దు" అన్న మాటకు విలువ రావాలంటే, దేన్ని వద్దంటున్నారో ఆ మనిషికి పూర్తిగా తెలిసి ఉండాలి. ఆ 2008 తీర్పు ప్రకారమే చికిత్స స్వభావం, దాని ప్రయోజనం, వేరే మార్గాలు, ముఖ్యమైన ప్రమాదాలు, చేయించుకోకపోతే జరిగేది రోగికి చెప్పాలి. ఇక్కడే మన సరిహద్దు ప్రాంతపు చిక్కు ఒకటి ఉంది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది గాని, ఎన్నో ఇళ్లలో మాట, రాత తెలుగులోనే ఉండిపోయాయి. కొట్టులో ఒడియా ధారాళంగా మాట్లాడే పెద్దమనిషి, ఇంగ్లీషులోనో ఒడియాలోనో అచ్చువేసిన కన్సెంట్ ఫారం చేతికిస్తే అడుగున ఉన్న ఇంటూ గుర్తు దగ్గర సంతకం చేయడం తప్ప ఏమీ చేయలేరు. ఆ ఫారాన్ని మీరే ఒకసారి తెరిచి చూడండి. ఏ కాలు, ఎక్కడి వరకు అన్న చోట ఖాళీ వదిలి ఉంటే ముందు దాన్ని నింపమని అడగండి. తర్వాత తెలుగు తెలిసిన డాక్టరు గానీ నర్సు గానీ పక్కన ఉండగా, మీ అన్నదమ్ములు అడ్డు తగలకుండా, సర్జన్ చేత నేరుగా నాన్నగారికి చెప్పించండి. వేళ్ల వరకు తీస్తే సరిపోతుందా, రక్తనాళాల సర్జన్ చూస్తే రక్తప్రసరణ తిరిగి వచ్చే వీలుందా, కృత్రిమ కాలుతో నడక ఎలా ఉంటుంది అన్న ప్రశ్నలు ఆయన తరఫున మీరు అడగవచ్చు. ఆయన భయపడుతున్నది కొట్టు గుమ్మం గురించి కదా, ఆ గుమ్మం సంగతే డాక్టరు ముందు మాట్లాడండి.

అంతా విని కూడా వద్దంటే అది ఆయన హక్కు. వివేకం గల మేజరు వైద్యాన్ని తిరస్కరించవచ్చని, ప్రాణం నిలిపే వైద్యానికైనా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో చెప్పింది. అది ఆత్మహత్యా ప్రయత్నం కాదు. ఆయన నిర్ణయం మీకు తప్పుగా తోచినంత మాత్రాన ఆయనకు నిర్ణయించుకునే శక్తి లేదని అనరాదు; మానసిక వైద్యానికి సంబంధించిన 2017 చట్టం 4వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది, మామూలు వైద్యంలోనూ అది మంచి కొలబద్ద.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే మనిషి తికమకపడతాడు, ఇంటివాళ్లను పోల్చుకోలేడు. ఆ స్థితిలో చెప్పే "వద్దు"కు గానీ "సరే"కు గానీ బలం ఉండదు. అనుమతి తీసుకునే వీలు, వ్యవధి లేనప్పుడు సద్బుద్ధితో చికిత్స చేసిన వారికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కానీ తెలివిగా ఉన్నప్పుడు వద్దని చెప్పిన మనిషి స్పృహ తప్పేదాకా కాచుకుని ఆ సెక్షన్ చాటున కాలు తీయడం చట్టం ఉద్దేశం కాదని నా అభిప్రాయం. అందుకే ఆయన మాటను ఇప్పుడే, తెలుగులో, ఆయన చేతిరాతతో, తేదీ, సమయం వేసి, ఇద్దరు సాక్షుల ముందు రాయించి కేసు షీటులో చేర్చమనండి. లివింగ్ విల్ (వైద్యం గురించి ముందుగానే రాసిపెట్టుకునే పత్రం) వేరే సంగతి. అది కోలుకునే ఆశ లేని చివరి దశకు సంబంధించినది.

మీ రెండో ప్రశ్నకు వస్తే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 24వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా ఉన్నది, పెద్దవారిని పూర్తిగా విడిచిపెట్టే ఉద్దేశంతో ఎక్కడో వదిలేసిన వారికి. పక్కనే ఉండి, ఆయన ఇష్టప్రకారం నడుచుకునే కొడుకులకు అది అంటదు. అలాగే, ఆపరేషన్ వద్దంటే ఆసుపత్రి వదిలి వెళ్లాలన్న నియమం లేదు. డ్రెస్సింగు, మందులు, నొప్పి తగ్గించే చికిత్స ఆయన వద్దనలేదు. తగిన వ్యవధి ఇవ్వకుండా రోగిని వదిలేయకూడదని ఆ 2002 నిబంధనలే డాక్టర్లకు చెబుతున్నాయి. వైద్య సలహాకు విరుద్ధంగా వెళుతున్నామని రాసివ్వమంటే తొందరపడి సంతకం చేయకండి.

మీరు వారించినా ఆ ఆపరేషన్ జరిగిపోతే, ఫిర్యాదు చేయవలసింది మీ నాన్నగారే. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి, 2019 చట్టం ప్రకారం ఆయన నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. అంత దూరం రాకుండా ఈ రాత్రే అన్నయ్యగారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. నాన్నగారు రేపు మనసు మార్చుకున్నా ఇబ్బంది లేదు, పాత కాగితం ఆయన్ని కట్టిపడేయదు. అప్పుడు ఆయన చేసే కొత్త సంతకం ఒక్కటే చాలు.