భోజనం తర్వాత గోల తగ్గాలంటే

మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక, ఒకే గదిలో కూర్చునే 3, 4 తరగతుల పిల్లలు మాట వినడం లేదు, బల్ల మీద కర్రతో కొట్టినా రెండు నిమిషాలే నిశ్శబ్దం, ఒక బాబైతే పక్కవాళ్ల పలకలు లాక్కుంటున్నాడు అని మీరన్నారు. అది అల్లరి కాదండీ, చేతిలో పని లేకపోవడం. మీరు నాలుగో తరగతికి లెక్క చెబుతుంటే మూడో తరగతి ఖాళీగా ఉంటోంది.

1. పిల్లలు పళ్లేలు కడుక్కుంటుండగానే బోర్డు మధ్య గీత గీసి, ఒకవైపు మూడో తరగతి పని రాసేయండి. ఐదు కూడికలు చాలు. లోపలికి రాగానే అది కంటబడాలి.

2. మాటలు ఆపడానికి ఒకే గుర్తు పెట్టుకోండి. మీరు మూడు చప్పట్లు, వాళ్లు రెండు.

3. చాలామంది తప్పేది ఇక్కడే. చప్పట్లు కొట్టగానే పాఠం మొదలుపెట్టేస్తాం. వద్దు, ఆగండి. చివరి ఇద్దరు కూడా మీ వైపు తిరిగేదాకా నోరు మెదపకండి. మొదటి రోజు నాకు ఆ నిరీక్షణ యుగంలా అనిపించింది. కానీ గోల మధ్యే మాట్లాడితే, 'మనం ఆపకపోయినా టీచర్ చెప్పేస్తారులే' అని పిల్లలు నేర్చుకుంటారు. రోజూ ఇలాగే చేయాలి, ఒక్కరోజు వదిలినా మళ్లీ మొదటికే.

4. కర్ర తీసేయండి. విద్యాహక్కు చట్టం, 2009 సెక్షన్ 17 కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పైగా దెబ్బకు భయపడే పిల్లాడికి లెక్క ఎక్కదు.

పక్కవాళ్ల పలకలు లాక్కునే ఆ బాబుకు పలకలు పంచే పని అప్పగించండి. ఉత్త 'గుడ్' అనకుండా, 'అందరికీ వరసగా ఇచ్చావు నాన్నా' అని చేసిన పనినే చెప్పండి.