రాజస్థాన్‌లో నైరుతి వెనుదిరిగినంత మాత్రాన మన కల్లంలో వాన ఆగదు

ప్రశ్న: "రుతుపవనాలు తిరుగుముఖం పట్టాయని సెప్టెంబరు మూడో వారంలోనే వార్తలొచ్చాయి. నమ్మి మొక్కజొన్న ఆరబోస్తే రోజూ సాయంత్రం వానే. వాతావరణ శాఖ తప్పు చెప్పిందా?"

తప్పేమీ చెప్పలేదండి. వాళ్లు చెప్పింది పడమటి రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపు సంగతి. ఊరి పేరు మింగేసి హెడ్డింగు పెట్టింది టీవీ వాళ్లు. చిన్న అల్పపీడనాన్ని కూడా తుపాను చేసేదీ వాళ్లే.

నైరుతి పడమటి రాజస్థాన్ నుంచి బయల్దేరే మామూలు తేదీ సెప్టెంబరు 17, దేశమంతా ఖాళీ చేసేది అక్టోబరు 15. అక్కడ వరసగా ఐదు రోజులు వాన పడకూడదు, కిలోమీటరున్నర ఎత్తులో ప్రతిచక్రవాతం (పొడిగాలిని కిందికి దించే గాలి సుడి) ఏర్పడాలి, గాలిలో తేమ బాగా తగ్గాలి. అప్పుడే ప్రకటిస్తారు. పైనుంచి కిందికి దిగే పొడిగాలిలో మేఘం కట్టదు కాబట్టి అక్కడ ఆకాశం తేటగా ఉంటుంది. మనకు ఆ రోజున ఇంకా ఉత్తర కార్తె నడుస్తుంటుంది, హస్త, చిత్త ముందున్నాయి. బంగాళాఖాతం వేడి తగ్గదు. అందులో పుట్టిన అల్పపీడనాలు వాయవ్యాన పొడిగాలి అడ్డుండటంతో అంత దూరం పోలేక తరచూ ఒడిశా, ఆంధ్ర, తెలంగాణల మీదే కురుస్తాయి. 2020లో చూడండి: రాజస్థాన్‌లో నిష్క్రమణ మొదలై రెండు వారాలయ్యాక, అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం హైదరాబాద్‌ను ముంచింది.

ఇక మీ మొక్కజొన్న. మార్కెట్లో 14 శాతం తేమ అడుగుతారు. ఈ రోజుల్లో పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం మబ్బు పట్టి, సాయంత్రం ఉరిమి కురవడం మామూలే. మంచు ఆరాక తొమ్మిదింటికి రెండంగుళాల మందం మించకుండా పరచండి, గంటకోసారి తిరగేయండి, రెండున్నరకల్లా కుప్ప చేయండి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: వేడిగా ఉన్న గింజల మీద వెంటనే పరదా బిగించేస్తారు. లోపల ఆవిరి చెమటలా పట్టి బూజొస్తుంది. వాన మీదికి రాలేదంటే అరగంట చల్లారనివ్వండి. కుప్ప మెరక మీద ఉండాలి, కింద కూడా పరదా ఉండాలి, చుట్టూ కాలువ తీయాలి. తెల్లారి ఎండ రాగానే విప్పాలి.

అందరికీ ఈ వాన చేటు కాదు లెండి. ఆదిలాబాద్‌లో పగిలిన పత్తికాయకు ఒక్క జల్లు పడినా నష్టమే, తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనదు. కర్నూలు నల్లరేగడిలో శనగ వేసేవాళ్లు మాత్రం ఒక మంచి పదును (విత్తడానికి చాలినంత నేల తడి) కోసం ఎదురుచూస్తుంటారు. నెల్లూరుకైతే ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరులోపే, ఈశాన్య రుతుపవనాలతో.

ఫోన్ యాప్‌లో వాన పడే అవకాశం 40 శాతం అని చూసి పందెం కాయకండి. వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే మూడు గంటల హెచ్చరిక చూడండి, కుప్ప చేయడానికి ఆ వ్యవధి సరిపోతుంది. అక్టోబరు మూడో వారం దాకా పరదాలు మడిచి అటక మీద పెట్టొద్దు. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లయితే డిసెంబరు ఆఖరుదాకా.